నల్లగొండ ఇంటి స్టూడియోకు కంట్రోల్ సర్ఫేస్: ఎనిమిది ఫేడర్లు కావాల్నా, ఒక్కటి సరిపోతదా?

తమ్ముడు అడిగింది క్లుప్తంగ ఇది. నల్లగొండలో ఇంటి మేడ మీది గదిలో చిన్న స్టూడియో పెట్టుకున్నడు. లాప్‌టాప్, రీపర్ (పాట రికార్డు చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్), రెండు మైకుల ఇంటర్‌ఫేస్ (మైకును లాప్‌టాప్‌కు కలిపే డబ్బా), ఒక కండెన్సర్ మైకు, రెండు స్పీకర్లు ఉన్నయి. జానపదాలు, బతుకమ్మ పాటలు రికార్డు చేస్తడు. పాటకు 12 నుంచి 20 ట్రాకులు అయితయి. మౌస్‌తోని మిక్స్ చేసి చేసి మణికట్టు గుంజుతున్నదట. అందుకని కంట్రోల్ సర్ఫేస్, అంటే సాఫ్ట్‌వేర్‌లోని లెవల్‌ను చేతితోని కదిపే డబ్బా కొందామనుకుంటున్నడు. దాని మీద పైకి కిందికి జరిపే మీటే ఫేడర్. మోటార్ ఫేడర్ ఐతే సాఫ్ట్‌వేర్‌లో లెవల్ మారినప్పుడు తనంతట తనే కదులుతది. "40 వేలు పక్కకు పెట్టిన అన్నా. ఎనిమిది మోటార్ ఫేడర్లు ఉన్నది తీసుకోవాల్నా, ఒక్క ఫేడర్‌ది సరిపోతదా? సౌండ్ క్వాలిటీ ఏమన్న పెరుగుతదా?"

జవాబు ముందే చెప్పేస్త. నీ పనికి ఒక్క మోటార్ ఫేడర్ ఉన్న సర్ఫేస్ సరిపోతది. ఫేడర్ 100 మిల్లీమీటర్లు నడవాలె, వేలు తాకితే గుర్తుపట్టాలె, రీపర్‌లో ఏ ట్రాక్ మీద క్లిక్ చేస్తే ఆ ట్రాక్ మీదికి అదే పోవాలె. ఈ మూడు ఉంటే కంపెనీ ఏదైనా నడుస్తది. మిగిలిన పైసలు గదిలో ప్రతిధ్వని తగ్గేటట్టు గోడలకు పెట్టు. ఎనిమిది ఫేడర్లదానికి సుమారు రెట్టింపు ధర పడుతది, బల్ల సగం అదే తింటది, నువ్వు చేసే పాటల్లో అందులో ఏడు ఫేడర్లు ఊరికెనే కూసుంటయి.

సౌండ్ క్వాలిటీ మాత్రం ఏం పెరగదు. దాని లోపలికి సౌండ్ పోనేపోదు. "మూడో ట్రాక్ ఇంత ఎత్తుల ఉన్నది" అన్న లెక్క మాత్రమే మిడి (సంగీత పరికరాలు, కంప్యూటర్ మాట్లాడుకునే సందేశాల పద్ధతి) రూపంలో లాప్‌టాప్‌కు పోతది, అక్కడి నుంచి వస్తది. చూసేటందుకు మిక్సర్ లెక్కనే ఉంటది కాబట్టి చానామంది ఇక్కడనే పొరబడుతరు. కంట్రోల్ సర్ఫేస్ అంటే పొడవు పెరిగిన మౌస్ అనుకో. మైక్ గెయిన్ ఇంటర్‌ఫేస్ మీది నాబ్‌తోనే తిప్పాలె. డైరెక్ట్ మానిటర్ వేసి పాడిస్తున్నప్పుడు పాడేటామె "నా గొంతు నాకు వినొస్తలేదు" అంటే, సర్ఫేస్ మీద ఫేడర్ ఎంత లేపినా ఆమె హెడ్‌ఫోన్‌లో మార్పు రాదు. ఆ సౌండ్ సాఫ్ట్‌వేర్ దాకా పోకుండనే ఇంటర్‌ఫేస్‌లోంచి తిరిగి వస్తది గద. వచ్చిన మొదటి రోజే చానామంది "పీస్ ఖరాబున్నది" అని వాపస్ పంపే కారణం ఇదే.

ఒక్క ఫేడర్ ఎందుకు సరిపోతది

కొనేముందు ఒక లెక్క వేసుకో. మిక్స్ చేసేటప్పుడు ఒకే క్షణంలో ఎన్ని ట్రాకుల లెవల్ చేతితోని కదిలిస్తవు? ఇంట్లో పాట చేసేటోళ్లకు తొంభై పాళ్లు జవాబు "ఒకటి". ఆ ఒకటి పాడేటోళ్ల గొంతు. మిగతా ట్రాకులకు ఒకసారి లెవల్ పెట్టినంక పాట అయ్యేదాకా పెద్దగ ముట్టే పని ఉండదు. ముట్టాల్సి వచ్చినా ఒకదాని తర్వాత ఒకటి ముడుతరు.

గొంతు మీద ఫేడర్ పని ఎట్ల ఉంటదో బతుకమ్మ పాటతోనే చూద్దాం. చరణం ఎత్తుకునేటామె మొదటి మాట గట్టిగ అంటది. చివరికి వచ్చేసరికి దమ్ము తగ్గి ఆఖరి రెండక్షరాలు మింగుడు పడుతయి. వెంటనే "ఉయ్యాలో" అని అందరు అందుకునేసరికి లెవల్ ఒక్కసారి లేస్తది. దీన్ని కంప్రెసర్ (గట్టి సౌండ్‌ను తనంతట తనే తగ్గించే ప్లగిన్, అంటే రీపర్‌లో ట్రాక్ మీద వేసుకునే చిన్న ప్రోగ్రాం) మీద వదిలేస్తే అది "ఉయ్యాలో"ను అణగదొక్కుతది గని మింగిన అక్షరాలను పైకి తేదు. మొత్తం లేపితే కింద ఉన్న ఫ్యాన్ సౌండ్, గది సౌండ్ గుడ లేస్తయి. చేతితోని చేస్తే ఆఖరి రెండక్షరాల దగ్గర 2, 3 డీబీ (డెసిబెల్, సౌండ్ లెవల్ కొలత) ఎత్తాలె, "ఉయ్యాలో" దగ్గర ఒకటి, ఒకటిన్నర దించాలె. పాట అంతా ఇదే. దీనికి ఒక ఫేడర్, ఒక చూపుడు వేలు కావాలె. కండ్లు మూసుకుని చేస్తే ఇంకా మంచిగ వస్తది.

ఫేడర్ కదలికలను సాఫ్ట్‌వేర్ రాసుకుని, పాట వేసినప్పుడల్లా అట్లనే కదుపుడే ఆటోమేషన్. చేసే తీరు: ట్రాక్ ఆటోమేషన్‌ను టచ్ మోడ్‌లో పెట్టు. టచ్ అంటే వేలు పెట్టినంతసేపే రాస్తది, వేలు తీయంగనే పాత లెవల్‌కు పోతది. లాచ్ అంటే వేలు తీసినా అదే లెవల్ మీద ఆగుతది, పాట ఆపేదాకా రాసుకుంటనే పోతది. రైట్ (రాసుడు) మోడ్ జోలికి పోకు. అది ముట్టకున్నా రాస్తది, అంతకుముందు చేసిన పని మొత్తం తుడిచేస్తది. మొదటిసారి పాట మొత్తం ఆపకుండ ఒక చుట్టు చెయ్యి. నీ చెయ్యి మాట వెనకాల పడుతది. చెవికి విని వేలు కదిలేసరికి సెకనులో ఐదో వంతు, ఇంకొంచెం ఎక్కువనే పోతది. రెండో చుట్టుకు పాట తెలిసిపోయి ఉంటది, వేలు ముందే లేస్తది. అప్పటికీ వెనకబడ్డ చోట ఎన్వలప్ (రాసిన లెవల్‌ను స్క్రీన్ మీద చూపే గీత) పాయింట్లను పట్టుకుని జరంత ఎడమకు జరుపు. మూడో చుట్టు అవసరం పడితే పడ్డ చరణం మీదనే.

ఇక్కడ ఒక కిటుకు చానామందికి తెల్వదు. రీపర్‌లో మామూలు ఫేడర్ ప్లగిన్ల తర్వాత ఉంటది. అంటే గొంతు ట్రాక్ మీదనే కంప్రెసర్ పెట్టి ఫేడర్ ఆడిస్తే, కంప్రెసర్ తన పని తను చేసినంక నువ్వు దించుతున్నవు, లేపుతున్నవు. నీకు కావాల్సింది తిరగేసి: ముందు చెయ్యి, తర్వాత కంప్రెసర్. దానికి ప్రీ-ఎఫెక్ట్స్ వాల్యూమ్ ఎన్వలప్ వేరే ఉన్నది గని సర్ఫేస్ ఫేడర్ దాన్ని నేరుగ పట్టుకోదు. అందుకని గొంతు ట్రాక్‌ను ఖాళీగ ఉంచు, దాని మీద ఒక ఫోల్డర్ ట్రాక్ పెట్టి కంప్రెసర్, రివర్బ్ సెండ్ అన్ని ఆ ఫోల్డర్ మీద వెయ్యి. ఫేడర్ లోపలి ట్రాక్ మీద ఆడించు. అప్పుడు కంప్రెసర్‌కు సగం పని తగ్గిపోతది, గొంతు పిండినట్టు వినపడదు.

డప్పుకు మాత్రం ఫేడర్‌తో ఉపయోగం లేదు. దెబ్బ పడి పోయేసరికి వేలు లేవదు. డప్పు దెబ్బలు ఎగుడుదిగుడు ఉంటే ఆ ముక్కను కోసి దాని గెయిన్ దించు, లేకుంటే లిమిటర్ పెట్టు.

మోటార్ ఎందుకు, 100 మిల్లీమీటర్లు ఎందుకు

మోటార్ లేని చవక సర్ఫేసులు ఉన్నయి. కోర్గ్ నానోకంట్రోల్ 2లో ఎనిమిది ఫేడర్లు, అకాయ్ మిడిమిక్స్‌లో ఎనిమిది ఫేడర్లు, ఒక మాస్టర్, 24 నాబులు ఉంటయి. రెండూ యూఎస్‌బీ కరెంటు మీదనే నడుస్తయి. చెడ్డవి అనను. సింథ్ నాబులు తిప్పేటందుకు, బీట్లు చేసేటోళ్లకు మస్తు పనికొస్తయి. గొంతు లెవల్ పనికి మాత్రం రెండు తిప్పలు.

మొదటిది, ఫేడర్ ఉన్న చోటు ఒకటి, సాఫ్ట్‌వేర్‌లో లెవల్ ఇంకొకటి. మొదటి ఎనిమిది ట్రాకుల నుంచి తర్వాతి ఎనిమిదింటికి పోయినవనుకో, బల్ల మీద ఫేడర్లు పాత చోటనే ఉంటయి. ముట్టంగనే లెవల్ ఎగిరి దుముకుతది. సాఫ్ట్ టేకోవర్ పెట్టుకుంటే దుమకదు గని, ఫేడర్ పోయి ఆ లెవల్‌ను అందుకునేదాకా ఏం పని చెయ్యదు. రికార్డు చేసిన ఆటోమేషన్ మీద మళ్ల సవరణ చేసేటప్పుడు ఇది ప్రాణం తీస్తది.

రెండోది మెట్లు. మామూలు మిడి కంట్రోల్ సందేశానికి 128 మెట్లే ఉంటయి. ఫేడర్ పైపావులో 0 నుంచి +10 డీబీ దాకా ఉన్నదనుకుంటే, ఆ పది డీబీలకు వచ్చేవి 32 మెట్లు, ఒక్కో మెట్టు 0.3 డీబీ. కిందికి పోయినకొద్దీ మెట్టు పెద్దదైతది. సాగే రాగం మీద నెమ్మదిగ దించుతుంటే మెట్లు దిగినట్టు వినపడే అవకాశం ఉన్నది. మాకీ కంట్రోల్ (దీని సంగతి కింద చెప్త) పద్ధతిలో ఫేడర్ కదలిక పిచ్ బెండ్ అన్న ఇంకో రకం మిడి సందేశంగ పోతది. అందులో 1024 మెట్లు వచ్చినా అదే పది డీబీలకు 256 మెట్లు, ఒక్కోటి 0.04 డీబీ. చెవికి దొరకదు.

పొడవు లెక్క గుడ ఇట్లనే. 100 మిల్లీమీటర్ల ఫేడర్‌లో ఆ పది డీబీలకు 25 మిల్లీమీటర్లు, అంటే ఒక డీబీకి రెండున్నర. 60 మిల్లీమీటర్లదానిలో ఒకటిన్నరే. రెండు డీబీలు ఎత్తాలంటే ఒకదాంట్లో అర సెంటీమీటరు కదపాలె, ఇంకొకదాంట్లో మూడు మిల్లీమీటర్లే. పొడుగుదానిలో వేలుకు అంచనా దొరుకుతది.

ఏ భాష మాట్లాడుతది అన్నది చూసినంకనే పైసలు కట్టు

ఎక్కువ పైసలు ఆగమయ్యేది ఇక్కడనే. సర్ఫేస్, సాఫ్ట్‌వేర్ రెండిటికి ఒకే భాష రావాలె. మాకీ కంట్రోల్ అన్నది అందరు అర్థం చేసుకునే భాష: రీపర్, క్యూబేస్, లాజిక్, స్టూడియో వన్, ఎబుల్టన్ లైవ్, ఎఫ్ఎల్ స్టూడియో అన్నింటిలో ఉన్నది. హెచ్‌యూఐ అన్నది ఇంకో భాష, 1990లలో మాకీ, డిజిడిజైన్ కంపెనీలు కలిసి ప్రో టూల్స్ అన్న సాఫ్ట్‌వేర్ కోసం చేసినది. యూకాన్ అన్న మూడో భాష యూఫోనిక్స్ కంపెనీది, 2010లో ఎవిడ్ ఆ కంపెనీని కొన్నది. ప్రో టూల్స్ వాడేటోళ్లు హెచ్‌యూఐ లేదా యూకాన్ ఉన్నదే చూసుకోవాలె. నీది రీపర్ కాబట్టి మాకీ కంట్రోల్ చూడు. రీపర్ జాబితాలో హెచ్‌యూఐ గుడ కనపడుతది గని పక్కకు "పార్షియల్" (పూర్తిగ లేదు) అని రాసే ఉంటది, దాన్ని ముట్టకు.

ఒంటి ఫేడర్‌ది కొనేటోళ్లు ఇంకొకటి అడగాలె, దుకాణపోళ్లు అడగందే చెప్పరు. మాకీ కంట్రోల్ అన్నది ఎనిమిది ఫేడర్లను మనసులో పెట్టుకుని చేసిన భాష. ఒంటి ఫేడర్ అందులో నడిచినప్పుడు కొన్ని కలయికల్లో అది ఎనిమిదింటిలో మొదటి ట్రాక్ మీదనే ఇరుక్కుంటది, నువ్వు స్క్రీన్ మీద వేరే ట్రాక్ క్లిక్ చేసినా రాదు. చానల్ బటన్లు నొక్కుకుంట పోవాలె. "నా సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ క్లిక్ చేస్తే ఫేడర్ అక్కడికి వస్తదా?" అని అడుగు. వస్తదంటే వీడియోలోనైనా, దుకాణంలోనైనా కండ్లతో చూడు. రీపర్‌లో ఇది కుదరకపోతే డ్రివెన్‌బైమాస్ అని ఒక ఉచిత ఎక్స్‌టెన్షన్ ఉన్నది, సీఎస్ఐ అని ఇంకొకటి ఉన్నది. రెండూ పని చేస్తయి గని సీఎస్ఐ సెట్టింగులు టెక్స్ట్ ఫైళ్లలో రాసుకోవాలె, ఓపిక కావాలె.

మోడళ్ల సంగతి పొడుగు చెయ్యను. ఒంటి ఫేడర్‌లో ప్రిసోనస్ ఫేడర్‌పోర్ట్, బెరింగర్ ఎక్స్-టచ్ వన్, ఐకాన్ ప్లాట్‌ఫార్మ్ నానో ఉన్నయి. మొదటి రెండింటిలో స్టూడియో వన్ వాడేటోళ్లకు నేనైతే ఫేడర్‌పోర్ట్ చెప్త, రెండూ ఒకే కంపెనీవి కాబట్టి పెట్టంగనే కలిసిపోతయి. షార్ట్ ఫిలిం డబ్బింగ్, ఎడిటింగ్ గుడ చేసేటోళ్లు ఎక్స్-టచ్ వన్ చూడచ్చు, దాని మీద జాగ్ చక్రం (తిప్పితే పాటలో ముందుకు వెనక్కి జరిపేది), ట్రాక్ పేరు చూపే చిన్న స్క్రీన్ ఉన్నయి. తొమ్మిది మోటార్ ఫేడర్లు తక్కువలో వస్తున్నయని ఎక్స్-టచ్ కాంపాక్ట్ మీద మనసు పోతది. దాని మీద ట్రాకుల పేర్లు చూపే స్క్రీన్ లేదు. 20 ట్రాకులలో ఐదో ఫేడర్ కంజీరానా, కోరస్సా అని మళ్ల లాప్‌టాప్ చూడాల్సిందే. ఎవిడ్ ఎస్1, ఎస్ఎస్ఎల్ యూఎఫ్8 మంచివే, మన లెక్కలోకి రావు.

రీపర్‌లో పెట్టే పద్ధతి, తప్పేటివి

ముందు సర్ఫేస్‌ను మాకీ కంట్రోల్ మోడ్‌లో పెట్టాలె. చానావాటికి ఏదో ఒక బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే మోడ్ ఎంచుకునే తీరు వస్తది. ఏ బటన్ అన్నది మాన్యువల్‌లో ఉంటది. తర్వాత రీపర్ తెరిచి కంట్రోల్, పి నొక్కు. ప్రిఫరెన్సెస్‌లో కిందికి పోతే "కంట్రోల్/ఓఎస్‌సీ/వెబ్" ఉంటది. యాడ్ నొక్కి "మాకీ కంట్రోల్ యూనివర్సల్" ఎంచుకో. మిడి ఇన్‌పుట్‌లో సర్ఫేస్ పేరు పెట్టు, మిడి ఔట్‌పుట్‌లో గుడ సర్ఫేస్ పేరే పెట్టు. ఓకే.

ఇంక పనిచెయ్యకపోతే:

ఫేడర్ కదిపితే స్క్రీన్ మీద కదులుతున్నది, మౌస్‌తో కదిపితే సర్ఫేస్ మీద కదుల్తలేదు. ఔట్‌పుట్ పోర్ట్ పెట్టలేదు. మోటార్ కాలిపోయింది అనుకుని భయపడేటోళ్లలో ఎక్కువమందిది ఇదే కథ. ప్రో టూల్స్‌లో ఐతే ఇంకో తీరుగ బయటపడుతది: హెచ్‌యూఐలో సాఫ్ట్‌వేర్ "ఉన్నవా" అని ఘడియఘడియకు అడుగుతది, సర్ఫేస్ "ఉన్న" అనాలె. ఒకవైపు పోర్టే పెడితే జవాబు రాదు, కనెక్షన్ పోయిందని అరుస్తది.

ఫేడర్ ముట్టంగనే కీబోర్డ్ ట్రాక్‌లో కీచుమని ఒక నోటు మోగుతున్నది. వేలు తాకిన సంగతి సర్ఫేస్ ఒక మిడి నోటుగ పంపుతది, మొదటి ఫేడర్‌కు 104వ నోటు. కదలిక పిచ్ బెండ్‌గ పోతది. ట్రాక్ ఇన్‌పుట్ "అన్ని మిడి పరికరాలు" అని ఉంటే ఇవన్నీ అందులో రికార్డు అయితయి. ప్రిఫరెన్సెస్‌లో మిడి ఇన్‌పుట్ల జాబితాకు పోయి సర్ఫేస్‌కు టిక్ తీసెయ్యి. కంట్రోల్ సర్ఫేస్ పని దానితో ఆగదు. క్యూబేస్ వాడేటోళ్లు స్టూడియో సెటప్‌లో మిడి పోర్ట్ సెటప్ తెరిచి "ఇన్ ఆల్ మిడి ఇన్‌పుట్స్" అన్న టిక్ తీయాలె.

ఫేడర్ వేలి కింద గిలగిల కొట్టుకుంటున్నది. రెండు కారణాలు. ఒకటి, ఒకే సర్ఫేస్‌ను రెండుసార్లు కలిపినవు: కంట్రోల్ సర్ఫేస్ జాబితాలో ఒకసారి, మిడి లర్న్‌తో (ఫేడర్‌ను కదిపి సాఫ్ట్‌వేర్‌కు నేర్పుడు) ఇంకోసారి. ఒకటి పైకి అంటే ఇంకొకటి కిందికి అంటది. ఒకటి తీసెయ్యి. రెండోది, వేలు తాకిన సంగతి దానికి తెలుస్తలేదు. పెన్ను కొసతోని, గోరుతోని, గుడ్డ పట్టుకుని తోస్తే తెల్వదు. ఎండిన వేళ్లకు గుడ ఒక్కోసారి తెల్వదు. కొన్నింటిలో టచ్ సెన్సిటివిటీ పెంచుకునే సెట్టింగ్ ఉంటది. ఎర్తింగ్ సరిగ లేకున్నా ఇదే బాధ, దాని సంగతి కింద చెప్తున్న.

రీపర్ "మిడి పరికరం తెరుచుకోలేదు" అంటున్నది. విండోస్‌లో చానా డ్రైవర్లకు ఒక మిడి పోర్టును ఒకే ప్రోగ్రాం పట్టుకుంటది. సర్ఫేస్ కంపెనీ సెట్టింగ్ ప్రోగ్రాం వెనక తెరిచి ఉన్నదేమో చూసి మూసెయ్యి, రీపర్ మూసి తెరువు.

ఒక్క గది స్టూడియోలో ఇంకో చిన్న చిక్కు ఉన్నది. మోటార్ కదిలితే సన్నగ జుయ్‌మంటది. ఆటోమేషన్ రాసి ఉన్న పాట మీద కొత్తగ కోరస్ పాడిస్తున్నవనుకో, మూడడుగుల దూరంలో కండెన్సర్ మైకు, బల్ల మీద ఫేడర్ తనంతట తను ఎక్కుడు దిగుడు. ఆ సౌండ్ నిదానం పాటల్లో ఖాళీలో వినపడుతది. రికార్డింగ్ టైంలో రీపర్ గ్లోబల్ ఆటోమేషన్‌ను బైపాస్‌లో పెట్టు, అయిపోయినంక తియ్యి.

కరెంటు, ఎర్తింగ్, దుమ్ము

యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 5 వోల్టుల మీద 500 మిల్లీయాంపులు, అంటే రెండున్నర వాట్లు. మోటార్లు తిప్పేటందుకు అది చానాసార్లు సాలదు. కాబట్టి చానా మోటార్ సర్ఫేసులకు అడాప్టర్ గాని, పవర్ కేబుల్ గాని వేరే వస్తది. డబ్బాలోదే వాడు. వోల్టేజ్ ఒక్కటే కలిసింది అని పాత రౌటర్ అడాప్టర్ గుచ్చకు, ప్లస్ మైనస్ తిరగేసి ఉంటే పెట్టంగనే పోతది. అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే మన లో వోల్టేజ్‌కు తట్టుకుంటది. లాప్‌టాప్‌కు, సర్ఫేస్‌కు మధ్యల చవక హబ్ పెట్టకు, నేరుగ గుచ్చు. కేబుల్ 5 మీటర్లు దాటొద్దు.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో సర్ఫేస్ ఆరిపోయి వెలుగుతది. ఫేడర్లన్నీ పైకి కిందికి ఒకసారి పరుగెత్తి నిలబడుతయి, రీపర్‌తో సంబంధం మాత్రం తెగిపోతది. పాట సేవ్ చేసి రీపర్ మూసి తెరిస్తే మళ్ల కలుస్తది. సర్ఫేస్‌ను, ఆడియో ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటర్ యూపీఎస్ మీద పెడితే ఈ బాధ లేదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఐతే స్పీకర్లలో జుయ్ వస్తది, సైన్ వేవ్‌ది మంచిది.

ఎర్తింగ్ సంగతి. లోహపు మూత ఉన్న టచ్ ఫేడర్ నీ ఒంటి కెపాసిటెన్స్‌ను పసిగడుతది. లాప్‌టాప్ చార్జర్ రెండు పిన్నులదైతే, లేదా మూడు పిన్నులున్నా గోడలో ఎర్త్ వైరు ఉత్తగనే ఉంటే, లాప్‌టాప్ బాడీ మీద సన్నని లీకేజీ వస్తది. అరచెయ్యి అంచు రాస్తే గరుకుగ జుమ్మంటది గద, అదే. అప్పుడు ఫేడర్‌కు ముట్టకున్నా ముట్టినట్టు, ముట్టినా ముట్టనట్టు అయితది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య మీటర్ పెట్టి చూడమను. ఫేజ్, న్యూట్రల్ మధ్య ఎంత చూపిస్తదో దాదాపు అంతే చూపించాలె. మన దిక్కు ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ గుంత ఎండిపోయి పని మానేస్తది. గుంతలో పైపు పక్కకు బిందెడు నీళ్లు పోయించు. ఇది ఫేడర్ కోసమే కాదు, నీ ప్రాణం కోసం గుడ.

దుమ్ముకు ఒక్కటే మందు: పని కాంగనే నూలు గుడ్డ కప్పు. ఫేడర్ గాడిలో దుమ్ము పడితే పొడి రంగుల బ్రష్‌తో దువ్వు. నోటితో ఊదకు, తేమ పోతది. గరగరమంటున్నదని కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే అస్సలు కొట్టకు. లోపల కార్బన్ పట్టీ ఉంటది, దాని మీది గ్రీజు కడుక్కుపోతే రెండు వారాలు మంచిగ నడిచి ఆ తర్వాత శాశ్వతంగ గీరుతది. ఫేడర్లకని అమ్మే లూబ్రికెంట్ వేరే ఉంటది.

ఎనిమిది ఎవరికి

ఒగ్గుకథ, చిందు యక్షగానం, కోలాటం జట్టు లెక్క ఆరేడు మైకులు ఒకేసారి పెట్టి రికార్డు చేసి, తర్వాత అందరిని కలిపి ఆడించి మిక్స్ చేసేటోళ్లకు ఎనిమిది ఫేడర్లు నిజంగనే పనికొస్తయి. కథ చెప్పేటాయన మాట మొదలుపెట్టంగనే డోళ్లను, తాళాలను కలిపి దించాలె, అది మౌస్‌తో కాదు. ఐతే అక్కడ గుడ ముందు గ్రూపులు చెయ్యి: వాయిద్యాలన్నీ ఒక ఫోల్డర్, వంత గొంతులు ఒక ఫోల్డర్, ప్రధాన గొంతు వేరే. చేసినంక చూస్తే కదపాల్సినవి మూడే తేలుతయి.

జాతరలు, పెండ్లిండ్ల ప్రోగ్రాములకు గుడ సౌండ్ ఇస్తవా? ఇస్తే కంట్రోల్ సర్ఫేస్ వద్దు, ఇంకొన్ని రోజులాగి డిజిటల్ మిక్సర్ దిక్కు చూడు. బెరింగర్ ఎక్స్32 లాంటివి మిక్సర్‌గ, ఇంటర్‌ఫేస్‌గ, మాకీ కంట్రోల్ సర్ఫేస్‌గ మూడు తీర్ల పని చేస్తయి. టాస్కామ్ మోడల్ 12కు గుడ సాఫ్ట్‌వేర్‌ను నడిపే మోడ్ ఉన్నది గని దాని ఫేడర్లకు మోటార్లు లేవు.

కొనేముందు పైస ఖర్చు లేకుండ

రీపర్‌లో అదే "కంట్రోల్/ఓఎస్‌సీ/వెబ్" పేజీలో యాడ్ నొక్కి "వెబ్ బ్రౌజర్ ఇంటర్‌ఫేస్" ఎంచుకో. అక్కడ ఒక అడ్రస్ చూపిస్తది. అదే వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టు. ప్లే, రికార్డ్, ట్రాకుల లెవల్ అన్ని ఫోన్ మీదికి వస్తయి. ఒక్కడివే పాడుకుంట రికార్డు చేసుకునేటప్పుడు మైకు ముందు నిలబడే రికార్డ్ నొక్కచ్చు, లాప్‌టాప్ దాకా ఉరికే పని లేదు. గాజు మీద వేలికి ఆధారం దొరకదు కాబట్టి గొంతు లెవల్ పనికి ఫోన్ పనికిరాదు. కాని నీకు కావాల్సింది ప్లే, స్టాప్ బటన్లేనా, ఫేడరా అన్నది వారంలో తేలిపోతది. చానామంది బాధ ఫేడర్ లేక కాదు, షార్ట్‌కట్లు రాక. మణికట్టు గుంజేది ఎడిటింగ్ వల్లనైతే సర్ఫేస్ దాన్ని తగ్గియ్యదు. ముక్కలు కోసుడు, జరుపుడు అప్పుడు గుడ మౌస్‌తోనే.

ఇంకొకటి, సర్ఫేస్ కొలతలు చూసి అంత సైజులో పాత పేపర్ కత్తిరించి బల్ల మీద అతికించు. నాలుగు రోజులు దాని మీద ఏం పెట్టకుండ పని చెయ్యి. కీబోర్డ్ ఎటు పోతదో, స్పీకర్లు ఎంత వెనక్కి జరుగుతయో కండ్లకు కనపడుతది.

హైదరాబాద్ పోయి కొంటే నీ లాప్‌టాప్ వెంబడి తీసుకపో. ఆన్ చెయ్యంగనే ఫేడర్ కింది నుంచి పైకి ఆగకుండ పోయి రావాలె, మధ్యలో తట్టుకున్నా, పండ్లు కొరికిన సౌండ్ వచ్చినా ఆ పీస్ వద్దను. రీపర్‌లో లెవల్‌ను 0 డీబీలో పెట్టు, ఫేడర్ మీద 0 గీత దగ్గర నిలబడాలె. కదపకుండ ఉత్తగ వేలు ఆనించి చూడు, టచ్ మోడ్‌లో ఆటోమేషన్ రాసుడు మొదలుపెట్టాలె. సెకండ్ హ్యాండ్‌ది ఐతే ఇదే పరీక్ష ఒక్కో ఫేడర్‌కు ఐదుసార్లు చెయ్యి, ఎందుకంటే బెల్ట్ వదులైనది మొదటిసారి మంచిగనే పోతది, నాలుగోసారి జారుతది. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకో. డబ్బా, లోపలి థర్మకోల్ పారెయ్యకు. రిపేర్ పడితే బస్సు పార్సిల్‌లోనో, కొరియర్‌లోనో హైదరాబాద్ పంపాల్సిందే, పంపేటప్పుడు ఫేడర్లన్నీ కిందికి దించి ఆ థర్మకోల్‌లోనే పెట్టు. విడిగ గుడ్డ చుట్టి పంపితే ఫేడర్ కాడ వంగి చేరుతది.